పెట్టె మీద అంకెలు, గదిలో అడుగులు: 4కే, 120 హెర్ట్జ్, హై-రెస్ ఆడియోలో దేనికి డబ్బు పెట్టాలి?

టీవీ కొట్టుకి బయల్దేరే ముందు ఇంట్లో కొలత టేపు తీయండి. కూర్చున్నప్పుడు మీ కళ్లు ఉండే చోటు నుంచి టీవీ రాబోయే గోడ దాకా ఎన్ని అడుగులో కొలిచి ఫోన్‌లో రాసుకోండి. 4కే కావాలా, ఫుల్ హెచ్‌డీ చాలా, 8కే జోలికి వెళ్లాలా అన్న ప్రశ్నల్లో సగానికి జవాబు ఆ అంకెలోనే ఉంది. మిగతా సగం మీ ఇంటి కప్పు, కరెంటు, ఇంటర్నెట్టు చెబుతాయి. షోరూములో వీటి సంగతి ఎవరూ అడగరు. అక్కడ నాలుగడుగుల దూరంలో నిలబడి, కంపెనీ పంపిన డెమో వీడియో చూస్తాం. నాలుగడుగుల నుంచి చూస్తే 4కే అద్భుతంగానే ఉంటుంది మరి.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన ఇళ్లను మనసులో పెట్టుకుని ఇక్కడ లెక్కలు చెబుతున్నాం. గేమింగ్ కోసం కొత్త టీవీయో మానిటరో కొనేవాళ్లకీ, హై-రెస్ (సీడీ కంటే మేలైన ధ్వని అని చెప్పుకునే) ముద్ర చూసి ఇయర్‌ఫోన్లు, సౌండ్‌బార్లు కొనబోయేవాళ్లకీ ఇవి పనికొస్తాయి.

చుక్కల లెక్క

ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం దాదాపు 21 లక్షలు. 4కేలో 83 లక్షలు, 8కేలో 3.3 కోట్లు. తెర ప్రతిసారీ నాలుగు రెట్లయింది గానీ, చూసే కన్ను మాత్రం పాతదే. 6/6 చూపున్న కన్ను ఒక డిగ్రీ వెడల్పులో సుమారు 60 చుక్కలను విడివిడిగా పోల్చుకోగలదు. అంతకంటే దగ్గరగా చేరిన చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

దీన్నుంచి ఒక సులువు లెక్క వస్తుంది. టీవీ అంగుళాలను 0.13తో గుణించండి. వచ్చినవి అడుగులు. ఆ దూరం దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా చాలామందికి అందదు. 32 అంగుళాలకు ఆ గీత 4.2 అడుగులు, 43కి 5.6, 55కి 7.2, 65కి 8.5. గీత కత్తితో కోసినట్టేమీ ఉండదు. చూపు బాగా చురుగ్గా ఉన్న కుర్రాళ్లకు ఇంకాస్త దూరం నుంచీ తెలుస్తుంది. గేముల్లో ఏటవాలు గీతల అంచుల మీద మెట్లు మెట్లుగా కనిపించే గరుకు కూడా ఈ దూరం దాటాక కొంత మేర కంటికి తగులుతుంది. సినిమాల్లో ఆ ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు బరంపురం పాత వీధుల్లోలా ఒకదానికొకటి ఆనుకుని, వెడల్పు తక్కువై, లోపలికి పొడుగ్గా సాగే ఇంటిని తీసుకోండి. ముందు గది 9 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు అనుకుందాం. టీవీని చివరి గోడకి పెట్టి సోఫాని ఎదురుగా వేస్తే కళ్లకీ తెరకీ మధ్య 12 అడుగులు. 55 అంగుళాల 4కే అక్కడ ఫుల్ హెచ్‌డీలాగే కనిపిస్తుంది. అదే టీవీని పక్క గోడకి పెట్టి ఎదుటి గోడకి ఆనించి దివాను వేస్తే కళ్లు దాదాపు 7 అడుగుల దగ్గరికొస్తాయి. 4కే గుణం అప్పుడే కాస్త బయటపడటం మొదలవుతుంది. కాకపోతే ఈ ఇళ్లలో వీధి గుమ్మం నుంచి పెరటి దాకా నడక దారి సరిగ్గా ఆ మధ్యలోంచే పోతుంది. ఆట రసపట్టులో ఉండగా ఎవరో ఒకరు బిందె పట్టుకుని తెరకి అడ్డం వస్తారు. ఏ గోడ అన్నది ఇంట్లోవాళ్లతో తేల్చుకున్నాకే టీవీ సైజు ఎంచుకోండి. ముందు టీవీ కొని తర్వాత గోడ వెతికితే చివరికి 12 అడుగులే ఖాయం.

అయితే ఈమధ్య 43 అంగుళాలు దాటిన టీవీలు దాదాపు అన్నీ 4కేవే. కాబట్టి 4కే కోసం విడిగా మీరు చెల్లించేది పెద్దగా లేదు. వచ్చేది వచ్చినట్టు తీసుకోండి. పెట్టె మీద ఆ అక్షరాలు ఉన్నాయని ఒక మోడల్‌కి ఇంకో మోడల్ కంటే ఎక్కువ పెట్టొద్దు, అంతే.

8కే సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. 65 అంగుళాల టీవీలో 4కే కంటే 8కే మెరుగ్గా కనబడాలంటే 4.2 అడుగుల కంటే దగ్గర కూర్చోవాలి. సోనీ 2020లో తన గేము కన్సోల్ పీఎస్5 పెట్టె మీద 8కే అని ముద్రించింది, కొన్నేళ్లకు ఆ ముద్ర తీసేసింది. వద్దు.

కన్సోల్ నిజంగా 4కే గీస్తుందా?

ఎక్కువ సార్లు గీయదు. నేటి పెద్ద గేములు లోపల నిలువుగా 1080కీ 1440కీ మధ్య చుక్కలతో బొమ్మ గీసి, దాన్ని సాగదీసి 4కేగా టీవీకి పంపుతాయి. కంప్యూటర్‌లో బొమ్మను సాగదీసే డీఎల్ఎస్ఎస్ అనే పద్ధతిని క్వాలిటీ మోడ్‌లో పెట్టి 4కే ఎంచుకుంటే లోపల నడిచేది 2560×1440. ఇందులో మోసమేమీ లేదు. సాగదీసే పద్ధతి ఇప్పుడు చాలా బాగుంది, ఏడెనిమిది అడుగుల నుంచి పట్టుకోవడం కష్టం. కానీ 4కే పేరుతో మనం వదులుకునేది ఏమిటో చూడాలి.

చాలా గేముల్లో క్వాలిటీ, పెర్ఫార్మెన్స్ అని రెండు మోడ్లుంటాయి. మొదటిదానిలో సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు, రెండోదానిలో 60. అంటే ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య 33.3 మిల్లీసెకన్ల ఎడం 16.7కి తగ్గుతుంది. 120 ఫ్రేములైతే 8.3. కెమెరా పక్కకి తిప్పినప్పుడు, క్రికెట్ గేములో యార్కర్‌కి బ్యాటు దించినప్పుడు చేతికి తెలిసేది ఈ తేడానే. 12 అడుగుల నుంచి 4కే అందని కంటికి కూడా 30కీ 60కీ తేడా తెలుస్తుంది. క్వాలిటీ మోడ్ ఆపేసి పెర్ఫార్మెన్స్ పెట్టుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కంప్యూటర్ ముందు రెండు, రెండున్నర అడుగుల్లో కూర్చునేవాళ్ల లెక్క వేరు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంత దగ్గర నుంచి చుక్కలు కనిపిస్తాయి. 27 అంగుళాల 1440 మానిటర్‌లో ఆ హద్దు సుమారు 2.6 అడుగులు, అంటే మీరు సరిగ్గా హద్దు మీదే కూర్చున్నారు. 4కేకి పోతే గ్రాఫిక్స్ కార్డు 2.25 రెట్లు చుక్కలు గీయాలి. ఫ్రేములు సుమారు సగానికి పడతాయి. ఆ డబ్బుతో 1440 మానిటర్‌ని 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే రకంలో తీసుకోవడమే మా సలహా. రోజంతా తెలుగు అక్షరాలు చదివే, రాసే పని కూడా ఉంటే మాత్రం 27 అంగుళాల 4కే పనికొస్తుంది. ఒత్తులు, సున్నాలు స్ఫుటంగా వస్తాయి.

డబ్బు పెట్టదగినవి, పెట్టె మీది మాయమాటలు

టీవీలో నాలుగు గుణాలు చూడండి. నిజమైన 120 హెర్ట్జ్ ప్యానెల్, వీఆర్ఆర్, గేమ్ మోడ్‌లో తక్కువ ఆలస్యం, తగినంత వెలుగు. వీఆర్ఆర్ అంటే గేము ఎప్పుడు ఫ్రేము పంపితే తెర అప్పుడే మారడం. 60 నుంచి 48కి జారినప్పుడు కలిగే కుదుపును అది మింగేస్తుంది. పీఎస్5కి ఈ సదుపాయం 2022లో వచ్చింది.

మాయమాటల్లో మొదటిది 'మోషన్ 120', 'మోషన్ రేట్ 240' లాంటివి. వాటిలో చాలావరకు 60 హెర్ట్జ్ ప్యానెలే. మధ్యలో కల్పిత ఫ్రేములు చొప్పించి పేరు పెంచుతారు. ఆటకి అది చేటు, ఎందుకంటే ఫ్రేము కల్పించడానికి తర్వాతి ఫ్రేము వచ్చేదాకా టీవీ ఆగాలి. రెండోది 'హెచ్‌డీఎంఐ 2.1'. పాత 2.0 పోర్టు సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది, 4కేలో 60 హెర్ట్జ్‌కి అది చాలు. 2.1 గరిష్ఠం 48. కానీ ప్రమాణాలు రాసే సంస్థ 2.0 అన్న పేరునే ఎత్తేయడంతో, 18 గిగాబిట్ల పోర్టు పెట్టి కూడా 2.1 అని రాసుకోవచ్చు. అందుకని కొట్లో 2.1 ఉందా అని అడక్కండి. '4కే 120 హెర్ట్జ్ ఏ పోర్టులో వస్తుంది? ఎన్ని పోర్టుల్లో?' అని అడగండి. జవాబు రాకపోతే ఆ మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్ తెరిచి చూడండి.

మూడోది హెచ్‌డీఆర్, అంటే వెలుగు నీడల తేడాను పెంచి చూపే పద్ధతి. చవక టీవీ మీద హెచ్‌డీఆర్10 అని ఉంటే, ఆ సిగ్నల్ వస్తే అర్థం చేసుకుంటుందని మాత్రమే అర్థం. 250, 300 నిట్ల వెలుగున్న తెరకి ఆ సిగ్నల్ ఇస్తే బొమ్మ మసకబారడమే ఎక్కువ. 600 నిట్లు దాటి, వెనక లైట్లు భాగాలుగా ఆరిపోయే లోకల్ డిమ్మింగ్ ఉన్నప్పుడు, లేదా ప్రతి చుక్కా తనంతట వెలిగే ఓఎల్ఈడీ అయినప్పుడు హెచ్‌డీఆర్ కనులపండుగ. ఒకే డబ్బుకి 65 అంగుళాల మసక టీవీ, 55 అంగుళాల వెలుగున్న టీవీ దొరికితే రెండోదే తీసుకోండి. పగలు వీధి తలుపు తీసి ఉంచే ఇళ్లలో మరీ ముఖ్యం.

ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని కొంత ఉంది. ఇక్కడే చాలామంది 120 హెర్ట్జ్ టీవీ కొని 60లో ఆడుతుంటారు. కన్సోల్ తీగను '4కే 120' అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టండి. టీవీ మెనూలో ఆ పోర్టుకి విస్తృత సిగ్నల్ తెరవాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనీ, ఎల్జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అనీ ఉంటుంది. గేమ్ మోడ్ వేయండి. తర్వాత పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్, అందులో వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే టీవీ ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ ఒప్పుకుంటోందో అక్కడ కనిపిస్తుంది. 60 అనే ఉంటే పైవాటిలో ఏదో తప్పింది.

తెర మధ్యమధ్యలో రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తోందంటే టీవీని అనుమానించే ముందు కేబుల్ మార్చండి. అల్ట్రా హై స్పీడ్ అని క్యూఆర్ కోడ్ ముద్ర ఉన్న కేబుల్ కావాలి. కన్సోల్ పెట్టెలో వచ్చినది సరిపోతుంది. మామూలు రాగి కేబుల్ మూడు మీటర్లు దాటితే 4కే 120 నిలకడగా మోయలేకపోవచ్చు. అయిదు మీటర్లు కావాలంటే లోపల ఆప్టికల్ ఫైబర్ ఉండే రకం కొనడం మేలు. కొత్త ఇల్లు కట్టేవాళ్లు గోడలో కేబుల్‌నే పూడ్చేయకుండా 40 మిల్లీమీటర్ల పైపు వేయించండి, మలుపులు నిదానంగా తిప్పమనండి. హెచ్‌డీఎంఐ తల రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సన్న పైపు మలుపులో అది ఇరుక్కుంటే లాగడం ఎవరి తరమూ కాదు.

ఇంకో చిక్కు. చాలా టీవీల్లో 120 హెర్ట్జ్ పోర్టులు రెండే ఉంటాయి, అందులో ఒకటి సౌండ్‌బార్‌కి వాడాల్సిన ఈఆర్క్ పోర్టు. సౌండ్‌బార్, కన్సోల్, కంప్యూటర్ మూడూ కలపాలనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

హై-రెస్ ఆడియో: చెవి ఒప్పుకోని అంకెలు

తెర దగ్గర కనీసం 'దగ్గర కూర్చుంటే కనిపిస్తుంది' అనగలిగాం. ధ్వని దగ్గర అదీ కష్టమే.

1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలు తీస్తుంది, ఒక్కోటి 16 బిట్లు. నమూనాల సంఖ్యలో సగం దాకా, అంటే 22,050 హెర్ట్జ్ దాకా ఉన్న ఏ ధ్వనినైనా దాన్నుంచి పూర్తిగా తిరిగి కట్టవచ్చు. మధ్యలో మెట్లు మిగిలిపోతాయని ప్రకటనల్లో గీసే బొమ్మ తప్పు. బయటికొచ్చేది నున్నటి అలే. పసిపిల్లల చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. నలభై దాటినవాళ్లకు 15,000 అందితే గొప్ప. 96 వేలు, 192 వేల నమూనాల ఫైళ్లలో అదనంగా ఉండేది ఆ పైన ఉన్న ధ్వని. హై-రెస్ బంగారు ముద్రకి కూడా 40,000 హెర్ట్జ్ దాకా పలకాలన్నది ఒక షరతు. గబ్బిలాలకు మంచి కబురు.

24 బిట్ల సంగతీ అంతే. 16 బిట్లతో అతి మెల్లని ధ్వనికీ అతి పెద్దదానికీ మధ్య 96 డెసిబెళ్ల ఎడం వస్తుంది. ఫ్యాను తిరిగే గదిలో 'నిశ్శబ్దం' అనుకునేదే 40 డెసిబెళ్లు. ఆ రొద మీద 16 బిట్ల అడుగు అంచు వినబడాలంటే పాట గట్టిగా ఉన్న చోట 136 డెసిబెళ్లు మోగాలి. అంత మోగితే చెవి దెబ్బతింటుంది. అయితే రికార్డు చేసేవాళ్లకు 24 బిట్లు నిజంగా అవసరం. కోరాపుట్ వైపు థింసా డప్పులనో, హరికథనో రికార్డు చేసే కుర్రాళ్లు మైకు స్థాయి బాగా తగ్గించి పెట్టుకోవచ్చు. డప్పు ఒక్కసారి పేలినా పగలదు, తర్వాత పెంచినా రొద పైకి రాదు. 24 బిట్లు, 48 వేల నమూనాలు పెట్టుకుంటే చాలు.

పరిశోధనలు కూడా ఉన్నాయి. మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో అమెరికా ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. హై-రెస్ డిస్కు మోగుతుండగా మధ్యలో సీడీ ప్రమాణానికి కుదించే పరికరం పెట్టినా, తీసినా శ్రోతలు పోల్చుకోలేకపోయారు. 2016లో జాషువా రైస్ అదే పత్రికలో 18 ప్రయోగాలను కలిపి లెక్క కట్టారు. సరైన జవాబులు 52.3 శాతం. బొమ్మా బొరుసా వేస్తే 50 వస్తుంది. శిక్షణ ఇచ్చినవాళ్లలో ఇంకాస్త మెరుగు కనిపించిందన్న మాటా అందులో ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కానీ ఇయర్‌ఫోన్లకి రెట్టింపు ధర పెట్టడానికి ఆ రెండు శాతం కారణం కాదు.

పైగా మనం వినేది బ్లూటూత్‌లో. 96 వేల నమూనాలు, 24 బిట్ల పాటకి సెకనుకు 4,608 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో మామూలు ఎస్‌బీసీ పద్ధతి సుమారు 328 మోస్తుంది, ఎల్‌డాక్ గరిష్ఠంగా 990. అంటే పెట్టె మీద 'హై-రెస్ వైర్‌లెస్' అని ఉన్నా దారిలో పాట కుదించుకుపోతుంది. ఎల్‌డాక్ కూడా సిగ్నల్ బలహీనమైతే 660కీ, 330కీ దిగుతుంది. ఐఫోన్‌లో ఎల్‌డాక్ అసలు లేదు, ఏఏసీయే గతి. ఆండ్రాయిడ్‌లో ఏది నడుస్తోందో చూడాలంటే అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో బ్లూటూత్ ఆడియో కోడెక్ తెరవండి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బాగా తెలిసిన పాట సీడీ నాణ్యత ఫైలు ఒకటి తీసుకుని, అదే ఫైలు నుంచి 320 కిలోబిట్ల ఎంపీ3 చేయండి. వేరేచోట దించినది వద్దు, అది వేరే మాస్టర్ (అసలు ప్రతి) నుంచి వచ్చినది కావచ్చు. కంప్యూటర్‌లో ఫూబార్2000 ప్లేయర్‌కి ఏబీఎక్స్ అనే అనుబంధం ఉంది. ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తుంది. సీడీకీ ఎంపీ3కీ తేడానే అందకపోతే హై-రెస్ మాట ఎత్తనక్కర్లేదు. 16 సార్లలో 12 సరిగ్గా చెబితే తేడా వినబడిందని ఒప్పుకోవచ్చు. గుడ్డిగా చెబితే 12 కలిసొచ్చే అవకాశం నాలుగు శాతం లోపే. రెండింటి శబ్దం సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మేలుగా తోస్తుంది, షోరూముల్లో ఖరీదైన స్పీకరు ఒక గీత ఎక్కువ పెట్టేది అందుకే.

ఘంటసాల కాలం పాటల మీద మోజున్నవాళ్లకు ఒక మాట. ఆ రికార్డింగులు టేపు మీదా, సినిమా రీలు అంచున ఉండే ధ్వని పట్టీ మీదా ఎక్కినవి. 10,000 హెర్ట్జ్ పైన వాటిలో ఉండేది ఎక్కువగా టేపు రొదే. 192 వేల నమూనాలతో ఆ రొదనే వివరంగా వింటారు. అసలు టేపు నుంచి జాగ్రత్తగా శుభ్రం చేసిన ప్రతి దొరికితే మామూలు ఎంపీ3లోనైనా గొంతు వెన్నలా వినిపిస్తుంది.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? స్పీకర్ మీద, ఇయర్‌ఫోన్ చెవిలో అమిరే రబ్బరు మీద, గది మీద. రబ్బరు బిగుతుగా పట్టకపోతే బేస్ అంతా పక్కనుంచి కారిపోతుంది. పెట్టెలో ఇచ్చిన మూడు సైజులూ పెట్టి చూడండి, రెండు చెవులకూ ఒకే సైజు అన్న నియమం లేదు. గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి. 'టింగ్' మని లోహపు మోత వెనక్కి వస్తే నున్నటి గచ్చు, ఖాళీ గోడలు ధ్వనిని బంతిలా ఆడుకుంటున్నాయి. మందపాటి పరదా, నేల మీద జంపఖానా, పుస్తకాల అర వేస్తే లక్ష రూపాయల పరికరం చేయలేని మేలు జరుగుతుంది. 12 అడుగుల గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర బేస్ గుమ్మని ఊగుతుంది. సబ్‌ఊఫర్‌ని మూలకి నెట్టకండి. దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంబడి వంగి నడవండి. బేస్ ఎక్కడ చదునుగా వినిపిస్తే సబ్‌ఊఫర్ స్థానం అది.

గేమ్ ధ్వని, అట్మాస్, మన కప్పులు

పీఎస్5కి మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ నేరుగా కలవదు. కలిసే పరికరాల్లోనైనా మామూలు బ్లూటూత్ ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటడం సాధారణం. 60 ఫ్రేముల ఆటలో అది తొమ్మిది ఫ్రేములు. శత్రువు అడుగుల చప్పుడు వినేసరికి మీరు పడిపోయి ఉంటారు. కంట్రోలర్‌కి 3.5 మిల్లీమీటర్ల తీగ హెడ్‌ఫోన్ పెట్టుకోండి, లేదా 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్నది కొనండి. పీఎస్5 త్రీడీ ధ్వనికి ప్రత్యేక హెడ్‌సెట్ అక్కర్లేదు. '7.1' అని, చుట్టూ స్పీకర్లున్నట్టు వినిపిస్తుందని అమ్మే హెడ్‌సెట్ కొన్నారా, దానిలోని 7.1 ఆపేయండి. కన్సోల్ ఒకసారి, హెడ్‌సెట్ ఇంకోసారి దిక్కులు కల్పిస్తే అంతా బావిలోంచి వచ్చినట్టవుతుంది.

అట్మాస్ అంటే ధ్వని తల పైనుంచీ వచ్చినట్టు వినిపించే పద్ధతి. ఆ సౌండ్‌బార్లలో పైకి చూసే స్పీకర్లు కప్పుకి కొట్టి ధ్వనిని కిందికి దింపుతాయి. దానికి 7.5 నుంచి 12 అడుగుల ఎత్తులో చదునైన, గట్టి కప్పు ఉండాలి. శ్లాబు ఇంట్లో బాగా పనిచేస్తుంది. పెంకుటింట్లో, రేకుల ఇంట్లో కప్పు ఏటవాలు కాబట్టి ధ్వని ఎటో పోతుంది. అలాంటి ఇంట్లో మామూలు 2.1 బారు (ఎడమ, కుడి స్పీకర్లు, విడి సబ్‌ఊఫర్) కొని మిగిలిన డబ్బు దాచుకోండి. వానాకాలంలో రేకుల కింద ఏ బారూ వినిపించదు, అది వేరే సంగతి. ఓటీటీలో వచ్చే అట్మాస్ మామూలు ఆర్క్ పోర్టులోంచీ పోతుంది. ఈఆర్క్ తప్పనిసరయ్యేది బ్లూరే డిస్కుల్లో నాణ్యత ఏమీ తగ్గించకుండా ఇచ్చే ధ్వనికి.

కరెంటు, తుపాను, ఇంటర్నెట్టు

దసరా ఆఫర్లూ తుపాన్లూ మనకి ఒకే నెలలో వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. కొత్త టీవీని కిటికీ పక్క గోడకి బిగించకండి, జల్లు లోపలికి కొడుతుంది. ఉరుముల వేళ స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. డిష్ తీగ, రౌటర్ నుంచి కన్సోల్‌కి వచ్చే లాన్ తీగ కూడా పీకాలి. ఫైబర్ తీగ గాజుదే, పిడుగు దాన్లోంచి రాదు గానీ రౌటర్ అడాప్టర్లోంచి వస్తుంది. కరెంటు తిరిగొచ్చాక ఓ అరగంట ఆగి పెట్టండి, మొదట్లో వోల్టేజి ఊగుతుంది.

సర్జ్ ప్రొటెక్టర్ కొనండి, కానీ ఎర్తింగ్ లేని ఇంట్లో దాని బలం సగమే. ముందు ఎర్తింగ్ చూపించుకోండి. తక్కువ వోల్టేజికి టీవీ స్టెబిలైజర్ సాధారణంగా అక్కర్లేదు, 100 నుంచి 240 దాకా తీసుకునే మోడళ్లే ఎక్కువ. వెనక చీటీ చూడండి. ఇన్వర్టర్ మాత్రం సైన్ వేవ్‌ది కావాలి. స్క్వేర్ వేవ్ మీద ఆంప్లిఫయర్ గుంయ్ మంటుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఈకో అని మీట ఉంటే యూపీఎస్‌లో పెట్టండి. ఈకోలో మారే వ్యవధి ఎక్కువై కన్సోల్ ఆరిపోతుంది, సేవ్ అవుతున్న గేము చెడిపోవచ్చు. ఒక మెలిక ఉంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజి సుమారు 180 కిందికి పడగానే బ్యాటరీకి మారుతుంది. సాయంత్రాలు వోల్టేజి పడిపోయే వీధుల్లో ఇన్వర్టర్ ఊరికే బ్యాటరీ తాగేస్తుంటుంది. అలాంటిచోట కన్సోల్‌కి విడిగా చిన్న యూపీఎస్ మేలు. పీఎస్5 ఆటలో 200 వాట్ల దాకా లాగుతుంది, టీవీ ఇంకో వంద పైన. ఆ రెండూ కలిపి సైజు చూసుకోండి.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలి స్పీకరు తీగల కొసల్ని పచ్చబరుస్తుంది. ధ్వని బొంగురుపోతే ముందు ఆ కొసలు అరంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించండి.

ఇంటర్నెట్టు విషయానికి వస్తే, 4కే ఓటీటీకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 మెగాబిట్లు, కాకపోతే పై ప్లాన్ కట్టాలి. గేములు 100 జీబీ దాటుతున్నాయి. 30 మెగాబిట్ల లైనులో 100 జీబీ దిగడానికి ఏడున్నర గంటలు, 100 మెగాబిట్లలో రెండుంపావు. మొదటి పీఎస్5లో 825 జీబీ అన్నా వాడకానికి మిగిలేది 667. డిస్కు పెట్టే మోడల్ తీసుకుంటే దిగుమతి భారం కొంత తగ్గుతుంది, ఆట అయ్యాక డిస్కు అమ్ముకోవచ్చు. అప్‌డేట్లు మాత్రం తప్పవు.

ఎవరికి ఏది

రేకుల ఇల్లో పెంకుటిల్లో, పదడుగుల దూరం, ఓటీటీ, అప్పుడప్పుడు ఆట అయితే 43 లేదా 50 అంగుళాల 60 హెర్ట్జ్ 4కే చాలు. మిగిలిన డబ్బు 2.1 సౌండ్‌బార్‌కీ ఎర్తింగ్‌కీ. శ్లాబు ఇల్లు, ఏడడుగుల దూరం, రోజూ ఆడే పిల్లలు ఉంటే 55 అంగుళాల నిజమైన 120 హెర్ట్జ్, వెలుగు బాగున్నది. దీనికి మాత్రం ఇంకో ఆరు నెలలు డబ్బు కూడబెట్టినా తప్పులేదు. హాస్టల్లో, చిన్న గదిలో ఉండే విద్యార్థికి టీవీ అసలు వద్దు. 27 అంగుళాల 1440 మానిటర్, తీగ హెడ్‌ఫోన్. సంగీతం కోసమే కొనేవాళ్లు హై-రెస్ ముద్ర వదిలేసి అదే ధరలో చెవికి బాగా అమిరే, తీగ మార్చుకునే వీలున్న ఇయర్‌ఫోన్ చూడండి. తెగేది ముందు తీగే.

కొనేది బరంపురంలోనా, ఇచ్ఛాపురం దాటి విశాఖలోనా అన్నదానివల్ల పన్ను లెక్కలో తేడా రాదు. 32 అంగుళాలు దాటిన టీవీల జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, రెండు రాష్ట్రాల్లో ఒకటే. తేడా సర్వీసులో వస్తుంది. కొనే ముందే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి, ఇంటికొచ్చి ప్యానెల్ చూసే మనిషి ఉన్నాడా, టీవీని మనమే మోసుకెళ్లాలా అని అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. టీవీ వచ్చిన రోజే తెల్లని, నల్లని, ఎర్రని, పచ్చని తెరలు ఒక్కో నిమిషం చొప్పున యూట్యూబ్‌లో పెట్టి, చచ్చిన చుక్కలున్నాయేమో దగ్గరగా చూడండి. పాత పెట్టె, థర్మోకోల్ వెనక్కిచ్చే గడువు దాటేదాకా అటక మీదే ఉంచండి.